జాబితాలో లేని గుండె

"ఇకనుంచి డాక్టరు దగ్గరికి రోగి వెళ్ళడు, సమాచారం వెళ్తుంది!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు మా ప్రభుత్వాసుపత్రి మెట్లమీద నిలబడి ప్రకటించారు. ఆ మాటకి అర్థమేమిటో ఎవరికీ తెలియలేదు కాబట్టి చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. నేనూ కొట్టాను. నేను ఓ.పి. కౌంటర్లో చీటీలు రాసే గుమాస్తాని. మంత్రులు కనుచూపు మేరలో ఉన్నప్పుడు చేతులు ఊరికే పెట్టుకోకూడదని పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేర్చుకున్నాను.

పథకం పేరు 'అరచేతి వైద్యుడు'. మనకి ఒంట్లో ఎక్కడ బాధగా ఉందో ఫోన్లో నొక్కితే చాలు, జబ్బేమిటో ప్రభుత్వంవారి పోర్టల్ చెప్పేస్తుంది. ఆ కాగితం ప్రింటు తీసుకుని ఆస్పత్రికొస్తే డాక్టరు మందు రాసివ్వాలి. మధ్యలో సొంత తెలివి ఉపయోగించకూడదు.

"ఇన్నాళ్ళూ జబ్బు రోగిది, దాని పేరు మాత్రం డాక్టరుకే తెలుసు. ఇదెక్కడి న్యాయం?" అని మంత్రిగారు నిలదీశారు. మొదటి వరసలో కూర్చున్న మా డాక్టర్లు సిగ్గుతో తలలు దించుకున్నారు. కొందరు ఫోన్లు చూసుకోవడానికి దించుకున్నారేమో, దూరం నుంచి తేడా తెలియలేదు. మంత్రిగారి పక్క కుర్చీలో పోర్టల్ తయారుచేసిన కాంట్రాక్టరుగారు కూర్చున్నారు. నల్లకళ్ళద్దాల పెద్దమనిషి. సభ మొత్తంలో ఒక్క మాటా మాట్లాడలేదు. అంత వినయం నేనెక్కడా చూడలేదు.

మర్నాటి నుంచి మా ఆస్పత్రి రూపురేఖలు మారిపోయాయి. అంతకుముందు జనం వచ్చి "బాబూ, కడుపులో నొప్పి, ఎవరికి చూపించుకోవాలి?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు వచ్చి, నేను చీటీలో ఏం రాయాలో డిక్టేషన్ ఇస్తున్నారు. తలనొప్పి అన్నవాడు లేడు. అందరికీ మెదడులో గడ్డలే. కాలు బెణికినవాడికి ఎముకల క్షయ. తుమ్మినవాడికి, మూడు ఖండాల్లో కలిపి పదకొండు మందికి మాత్రమే వచ్చిన జబ్బు. ఆ పన్నెండోవాడు నా కౌంటర్ ముందు నిలబడి కాలరు సర్దుకున్నాడు.

అందరికంటే ముందు మా బావ వచ్చాడు. బావంటే మా అక్క మొగుడు. సిటీ బస్సు డ్రైవరు. పోర్టల్ పుణ్యమా అని మా వాళ్ళంతా ఆయన్ని 'సగం డాక్టర్' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాడు.

"ఏరా బామ్మర్దీ, గుండె డాక్టరమ్మకి ఒక చీటీ రాయి. నా గుండె కవాటాలు రెండు సరిగ్గా మూసుకోవట్లేదు."

"నీకెవరు చెప్పారు బావా?"

"నేనే నొక్కాను. మెట్లెక్కితే ఆయాసమా అని అడిగింది, అవునన్నాను. వయసు యాభై దాటిందా అంది, అవునన్నాను. ఇంకేం కావాలిరా?"

మా గుండె డాక్టరమ్మ మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. ఆవిడ బావ కాగితం పక్కన పెట్టి, స్టెతస్కోప్ పెట్టి విని, ఈసీజీ తీయించి, "మీ గుండె భేషుగ్గా ఉంది. పొట్ట తగ్గించండి" అంది.

బావ మొహం మాడిపోయింది. "మరి పోర్టల్ అబద్ధం చెప్పిందా? మీరు చదువుకుని పాతికేళ్ళయింది. అది నిన్నరాత్రే అప్‌డేట్ అయింది!"

"అయితే దాన్నే మందిమ్మనండి" అంది డాక్టరమ్మ.

బావ బయటికొచ్చి ఫోన్లో ఆవిడకి ఒక్క స్టారు ఇచ్చాడు. అదీ పథకంలో భాగమే. రోగి తెచ్చిన జబ్బుతో ఏకీభవించిన డాక్టరుకి అయిదు స్టార్లు, కాదన్నవాళ్ళకి ఒకటి. పక్క గదిలో జనరల్ డాక్టరుగారు వారం తిరక్కుండానే అయిదు స్టార్లకి ఎగబాకారు. ఆయన తలుపు తీస్తూనే "మీరు చెప్పిందే కరెక్టు" అనేవారు, రోగి ఇంకా ఏమీ చెప్పకముందే. గుండె డాక్టరమ్మకి మాత్రం నెలకో షోకాజ్ నోటీసు. 'ప్రజాభిప్రాయానికి విరుద్ధంగా రోగులను ఆరోగ్యవంతులుగా ప్రకటించినందుకు' అని మొదటిదాంట్లో రాశారు. ఆ కాగితం ఆవిడ టేబుల్ అద్దం కింద పెట్టుకుంది. పొగరనుకున్నాం అప్పట్లో.

మూడు నెలలు గడిచాయి. పోర్టల్ లెక్కల ప్రకారం జనాభాలో సగానికి పైగా ప్రాణాంతక వ్యాధులు. మిగతా సగం ఇంకా ఫోన్లు కొనుక్కోలేదు. ప్రతిపక్షంవాళ్ళు శాసనసభలో లేచి "ఇంత మందిని మంచాన పడేసిన ప్రభుత్వం ఇంకోటుందా?" అని గోల చేశారు. మంత్రిగారు వెంటనే మా ఆస్పత్రిలోనే సమీక్షా సమావేశం పెట్టారు. చీటీల రిజిస్టర్లు మోసుకెళ్ళి గోడవార నిలబడే భాగ్యం నాకు కలిగింది కాబట్టి అక్కడ జరిగింది అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను.

"పోర్టల్లో మొత్తం ఎన్ని జబ్బులున్నాయి?" అని అడిగారు మంత్రిగారు.

"నాలుగు వేల పైచిలుకు సార్" అన్నాడు కార్యదర్శి.

"ఇన్నా? ఎవరు పెట్టమన్నారు?"

"లోకంలో ఉన్నాయి కదా సార్ అని..."

"ఉన్నంత మాత్రాన పెట్టేస్తారా? జనం భయపడరూ? ఏదీ, ఆ లిస్టు ఇలా ఇవ్వండి." జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. "ఇదేమిటి, గుండెపోటు. ఇది దేనికి?"

"అది చాలా మందికి వచ్చేదే సార్."

"అందుకే అడుగుతున్నా! చాలా మందికి వచ్చేదాన్నే ముందు తీసెయ్యాలి."

చూశారా, అదీ నాయకత్వం. అందరూ జబ్బుల్ని తగ్గించాలంటే మందులు, మంచాలు అని కొట్టుకుంటారు. ఆయన పెన్నుతో మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళకి నాలుగు వేల జబ్బులు అరవై రెండుకి దిగాయి. జలుబు, గ్యాస్, నిద్ర చాలకపోవడం, చెమటకాయలు, బద్ధకం, ఇలాంటివి మిగిలాయి. క్యాన్సర్లన్నీ ఒక్క గీతతో పోయాయి. కిడ్నీల దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. మంత్రిగారి మావగారికి ఆ ఇబ్బందే ఉందట. కానీ బంధుప్రీతికి తావివ్వకుండా దాన్నీ కొట్టేశారు.

డాక్టరమ్మ వెనక కుర్చీలోంచి లేచింది. "గుండెపోటు తీసేస్తే, గుండెపోటుతో వచ్చినవాడికి నేనేం రాయాలి?"

మంత్రిగారు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "జాబితాలో లేనిది ఎలా వస్తుందమ్మా?"

"వస్తుందండీ. దానికి చదువు రాదు."

ఎవరో నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నారు. అదృష్టవశాత్తూ దగ్గు జాబితాలోనే ఉంది. "ఛాతీలో ఏ నొప్పి వచ్చినా ఇకమీదట గ్యాస్" అని మినిట్స్‌లో రాసుకున్నాడు కార్యదర్శి. కాంట్రాక్టరుగారు తల పంకించారు. జాబితాలో పెట్టడానికి జబ్బుకింత అని ఎంత బిల్లయిందో, తీయడానికీ అంతే అవుతుందని, అది న్యాయమేనని అక్కడున్నవాళ్ళంతా ఒప్పుకున్నారు.

ఆ తర్వాత జరిగినదంతా చకచకా జరిగిపోయింది. మా ఆస్పత్రి కంప్యూటర్లో పరీక్ష రాయాలంటే జబ్బు పేరు నొక్కాలి. జబ్బు లేదు కాబట్టి ఈసీజీకి అనుమతి రాదు. మూడు వారాలు వాడకపోయేసరికి ఆ మిషన్‌ని 'నిరుపయోగ సామగ్రి' కింద రాశారు. గుండె మందులూ అంతే. గుండె డాక్టరమ్మ 'మిగులు సిబ్బంది'. చీటీలు తగ్గాయి గనక నేనూ మిగిలాను.

ఇవన్నీ ఎక్కడ సర్దాలా అని చూస్తుంటే పశుసంవర్ధక శాఖవాళ్ళు ముందుకొచ్చారు. మా గోడ అవతలే పశువుల ఆస్పత్రి. ఆ శాఖ మంత్రిగారికి కంప్యూటరంటే గిట్టదు. ఎప్పుడో ఎవరో పెట్టిన జాబితా అలాగే ఉండిపోయింది, గుండెపోటుతో సహా. మిషన్ని, మందుల పెట్టెల్ని, డాక్టరమ్మని, నన్ను, నా కుర్చీని డిప్యుటేషన్ మీద గోడ దాటించారు. అదే వారం పేపర్లో మంత్రిగారి నిలువెత్తు ఫోటో పడింది. 'గుండెజబ్బుల కేసులు సున్నా' అని పైన పెద్దక్షరాలు.

పశువుల డాక్టరుగారు సాధువు లాంటి మనిషి. పొడిచే ఎద్దుని చెవి పట్టుకుని ఆపుతారు గానీ మనుషులంటే భయం. డాక్టరమ్మని చూసి లేచి నిలబడి, "మీ రోగులు మాట్లాడతారటగా, ఎలా భరిస్తున్నారు?" అన్నారు.

"మావాళ్ళు మాట్లాడితే ఫర్వాలేదండీ. చదివొచ్చి మాట్లాడతారు, అదీ కష్టం" అంది ఆవిడ.

మొదటివారం ఒక గేదె, రెండు కుక్కలు. రెండోవారం ఒక రిటైరైన ఆఫీసరుగారు గుండె పట్టుకుని గోడ పక్క సందులోంచి మెల్లిగా వచ్చారు. గోడ అవతల మా పాత ఆస్పత్రిలో గ్యాస్ మాత్రలు నాలుగుసార్లు ఇచ్చారట. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. అందులో మనిషి అనే గడి లేదు.

"ఏదో ఒకటి నొక్కవయ్యా, ఆయన రంగు మారిపోతోంది" అంది ఆవిడ.

"గుర్రం అని రాయండి" అన్నారు ఆఫీసరుగారు, అంత బాధలోనూ హోదా మరవకుండా.

గుర్రం నొక్కితే వయసు దగ్గర ఆగిపోయింది. గుర్రానికి ముప్ఫయి దాటితే కంప్యూటర్ ఒప్పుకోదు. ఎద్దుకి పాతిక. అరవై నాలుగేళ్ళు ఒప్పుకునేవి రెండే రెండు, ఏనుగు, తాబేలు. ఆఫీసరుగారు ఏనుగుకి వెంటనే ఒప్పుకున్నారు. చీటీ వచ్చింది, మిషన్ పనిచేసింది, మనిషి బతికాడు. ఆయన ఇంకో నలుగురికి చెప్పాడు. సంవత్సరం తిరిగేసరికి మా ఊళ్ళో గుండెజబ్బున్న ఏనుగులు మూడు వందల పన్నెండు తేలాయి. పశుసంవర్ధక శాఖ దాన్ని ఏనుగుల సంఖ్యలో పెరుగుదలగా గుర్తించి మా పశువుల డాక్టరుగారికి శాలువా కప్పింది. వచ్చినవాళ్ళలో తాబేలుకి ఒప్పుకున్నది ఒక్క లెక్కల మాస్టారే, నాకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం.

ఇదంతా గొప్పగా చెప్పుకోదగ్గదే. కానీ నేను హడలిపోయిన రోజు ఒకటుంది, అది కూడా చెప్పాలి.

ఆరోజు మా పాత ఆస్పత్రి మైదానంలో 'శూన్య గుండెజబ్బుల వార్షికోత్సవం'. ఊళ్ళో బస్సులన్నీ జనాన్ని తోలుకొస్తున్నాయి. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ రాత్రినుంచి ఎడమ చెయ్యి లాగుతోందంటున్నాడు. ఒళ్ళంతా చెమటలు. డ్యూటీకి వద్దంటే వినడు. ఫోన్లో నొక్కి చూసుకున్నాట్ట, గ్యాసని వచ్చిందట."

"ఆయన్నివ్వు" అన్నాను.

బావ గొంతు నీరసంగా ఉంది, పట్టుదల మాత్రం తగ్గలేదు. "మీ అక్కదంతా కంగారు. గ్యాసని రాసుందిరా. కింద ప్రభుత్వంవారి ముద్ర కూడా ఉంది."

"బావా, నీ గుండె బాగున్నప్పుడు బాగాలేదని ఆ ఫోన్నే నమ్మావు. ఇప్పుడు బాగాలేనప్పుడు గ్యాసంటే మళ్ళీ దాన్నే నమ్ముతావా? బుద్ధుందా నీకు?"

ఇన్నేళ్ళలో బావని అలా అనడం అదే మొదటిసారి. ఆయనకి కోపమొచ్చి ఫోన్ పెట్టేశాడు. ఆయన వెనకాల బస్సులో యాభై మంది. మా అక్కకి ఆయన ఒక్కడే.

అక్క ఊరికే కూర్చునే మనిషి కాదు. సభకొచ్చే జనంలో కలిసి ఆయన బస్సే ఎక్కి, సరిగ్గా ఆయన సీటు వెనకాలే కూర్చుంది. మధ్యాహ్నం సభ వేళకి బస్సు మైదానం దగ్గర ఆగాక బావ దిగి రెండడుగులు వేసి నేలమీద చతికిలబడ్డాడట. అక్క, కండక్టరు చెరో రెక్కా పట్టుకుని గోడ పక్క సందులోంచి లాక్కొచ్చారు. కౌంటర్ దగ్గరికొచ్చి ఆయన నా బల్లమీదకి ఒరిగిపోయాడు. పెదాలు పాలిపోయాయి. అయినా "గ్యాసేరా..." అంటూనే ఉన్నాడు.

"ఏనుగు. యాభై రెండు" అని నొక్కాను. తర్వాతి గడి 'పాలకా, పనికా'.

"పనికే" అంది అక్క బావ మొహం మీది చెమట తుడుస్తూ. నేను చూపించినచోట, అదేమిటో చదవకుండానే సంతకం పెట్టేసింది.

డాక్టరమ్మ మిషన్ తగిలించి కాగితం చూసింది. "గుండెపోటే. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తున్నాను. అరగంట ఈయన ఛాతీమీంచి వైర్లు కదలకూడదు. మిషన్ చూస్తూ ఉండాలి" అంది. పశువుల డాక్టరుగారు బావ చేతిని పట్టుకుని, దూడని నిమిరినట్టు నిమురుతూ నిలబడ్డారు. ఆయన మనిషిని ముట్టుకోవడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడు సందులో కార్ల హారన్లు. తలుపు తోసుకుంటూ ఇద్దరు పోలీసులు, వాళ్ళ వెనక పి.ఏ., ఆ వెనక ఛాతీ మీద చెయ్యేసుకుని సాక్షాత్తూ ఆరోగ్యశాఖ మంత్రిగారు! వేదిక మీద 'ఇకపై ఈ నేలమీద ఏ గుండే ఆగదు' అనే మాట దగ్గర ఆయన గుండెల్లో పట్టేసిందట.

"డాక్టరెవరు? మిషనేదీ? త్వరగా!" అని అరిచాడు పి.ఏ.

డాక్టరమ్మ బావ దగ్గర్నుంచి రెండడుగులు పక్కకి వేసి, మంత్రిగారి నాడి చూసి, స్టెతస్కోప్ పెట్టి విని, పొట్టమీద రెండుసార్లు తట్టింది. "మధ్యాహ్నం ఏం తిన్నారు?"

పి.ఏ. చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు.

"గ్యాసండీ" అంది డాక్టరమ్మ. "కూర్చోండి, తగ్గిపోతుంది."

మంత్రిగారు భగ్గుమన్నారు. "గ్యాసా! నాకు గ్యాసా! ఛాతీలో నొప్పని చెబుతుంటే గ్యాసంటావా? ఏమనుకుంటున్నావ్ నన్ను?"

"మీ పోర్టల్ కూడా అదే అంటుంది. కావాలంటే నొక్కి చూడండి."

"అది జనానికమ్మా! మావాడు విదేశాల సైటులో చూశాడు. గుండెపోటని స్పష్టంగా ఉంది. ముందు ఆ మిషన్ పెట్టు నాకు."

"మిషన్ ఒక్కటే ఉంది. ఒకరు దానిమీద ఉన్నారు."

పి.ఏ. మంచం దగ్గరికెళ్ళి తొంగిచూశాడు. "ఎవడు వీడు?"

"ఏనుగండీ" అన్నాను నేను లేచి నిలబడి.

"ఏనుగు కోసం మంత్రిగారు ఆగాలా? తీసెయ్ ఆ వైర్లు!"

అక్క మంచానికి అడ్డంగా నిలబడింది. అలా చేతులు చాపి నిలబడిందంతే. పోలీసులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డాక్టరమ్మ గడియారం వంక చూసి, నా వంక చూసింది. ఇంకా ఇరవై నిమిషాలు కావాలని నాకు అర్థమైంది.

నేను పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పనే చేశాను. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాను.

"సార్, చీటీ లేకుండా ఆ మిషన్ పనిచెయ్యదండీ. తమరి పాలనలో వచ్చిన పారదర్శకత. రెండు నిమిషాలు, వివరాలు చెప్పండి. తమరి వయసు?"

"అరవై ఒకటి" అన్నాడు పి.ఏ. పళ్ళు నూరుతూ.

"ఆ వయసుకి రెండే వస్తాయండీ. ఏనుగా, తాబేలా?"

"ఏనుగే రాయవయ్యా!" అన్నారు మంత్రిగారు.

"అడవిదా, మచ్చికైనదా?"

పి.ఏ. మంత్రిగారి వైపు చూశాడు. మంత్రిగారు కాసేపు ఆలోచించి, "మచ్చికైనదే" అన్నారు.

"దంతాలున్నాయా?" "ఎత్తు?" "రోజుకి మేత ఎంత?" ఒక్కో గడినీ ఒక్కో వేలితో నొక్కాను. మేత దగ్గర మంచి ఆలస్యమైంది, మధ్యాహ్నం జాబితా మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. "చివరిసారి ఎప్పుడు తప్పిపోయింది?" అన్నదానికి పార్టీ మారిన సంవత్సరం చెప్పారు. మంచం మీంచి మిషన్ చప్పుడు టక్ టక్‌మని వినిపిస్తూనే ఉంది. అది వినిపిస్తున్నంతసేపూ నేను ఇంకో గడి నింపగలననిపించింది.

"అయిపోయిందా?" అన్నాడు పి.ఏ.

"అయిపోయినట్టేనండీ. ఇక్కడ యజమాని సంతకం."

"ఎవరి సంతకం?" అన్నారు మంత్రిగారు.

"యజమానిదండీ. పశువు తనంతట తాను సంతకం చెయ్యకూడదని రూలు."

"మరి ఆ మంచంమీదున్నవాడికి ఎవరు చేశారు?"

"వాళ్ళావిడ."

"అమ్మగారిని పిలిపించమంటారా సార్?" అన్నాడు పి.ఏ.

"వద్దొద్దు. తను చెయ్యదు."

"పోనీ పార్టీ అధ్యక్షులవారిని..."

మంత్రిగారు తల అడ్డంగా ఊపారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయనకే ఫోన్ చెయ్యి" అన్నారు. ఎవరికని పి.ఏ. అడగలేదు. బయటికెళ్ళి ఫోన్ చేసి వచ్చాడు. మంత్రిగారు పశువుల డాక్టరుగారి బల్లమీద కూర్చుని పెద్దగా ఒక త్రేన్పు త్రేన్చారు. ఆయన మొహం కాస్త తేటపడింది. అయినా నొప్పి తగ్గిందని ఒప్పుకోలేదు.

ఈలోగా డాక్టరమ్మ బావ ఛాతీమీంచి వైర్లు ఒక్కొక్కటే తీస్తోంది. "గట్టెక్కాడు" అంది అక్కతో. "నెలరోజులు బస్సు ముట్టుకోకూడదు. ఫోనూ ముట్టుకోకూడదు." అక్క భోరుమంది. అప్పటిదాకా ఒక్క చుక్క రాల్చని మనిషి, బావ పాదాలు పట్టుకుని ఏడ్చింది. బావ కళ్ళు తెరిచి నీరసంగా, "డాక్టరమ్మగారికి అయిదు స్టార్లు ఇవ్వరా బామ్మర్దీ" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. కళ్ళజోడు తుడుచుకునే మిషతో కానిచ్చేశాను.

ఇక నాకు తొందరేమీ లేదు. కాంట్రాక్టరుగారు కారు దిగి, నల్లకళ్ళద్దాలతోనే లోపలికొచ్చారు. ఏమిటి, ఎందుకు అని ఒక్క ప్రశ్న అడగలేదు. నా చేతిలో పెన్ను అందుకుని 'యజమాని' అన్నచోట సంతకం చేశారు. మంత్రిగారు లేచి నిలబడి ఉన్నారు. సంతకం తడి ఆరేదాకా కూర్చోలేదు.

చీటీ చించబోతుంటే అడుగున ఇంకో గడి కనిపించింది. ఎవరి చీటీలోనూ ఎప్పుడూ నింపని గడి. ఇవాళ పని పద్ధతిగా పూర్తిచేద్దామనిపించింది.

"సార్, ఇదొక్కటి చెప్పండి. తమరి దగ్గర ఇలాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయి?"

కాంట్రాక్టరుగారు మొదటిసారి నోరు విప్పారు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, నన్నే తిరిగి అడిగారు.

"మంత్రుల వరకేనా, ఆఫీసర్లని కూడా కలపాలా?"